పదమూడణాల రూపాయి

“చారాణా కోడికి బారాణా మసాలా” యను సామెత సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములలో నేటికిని వాడుకలో నున్నది. దానిని పలుకు యువకులలో అణాను కంట చూచినవారు అరుదు. అణాల లెక్కకు 1957లోనే చట్టము స్వస్తి చెప్పినది. నేడు పాశమైలారము, బొల్లారము కర్మాగారములలో పని చేయు కూలివాడు తన వేతనమును చేతిఫోనులో చూచుకొని, తేనీటి కొట్టుకడ ఆ ఫోనుతోనే చెల్లించుచున్నాడు. నాణెమే అతని చేతికి అరుదుగ వచ్చుచున్నది. అయినను కోడి వెల నాలుగణాలనియు, మసాలా వెల పండ్రెండణాలనియు అతని నాలుక మరువలేదు.

నాణెముల వాడుకపేర్లను వినోదమునకు సేకరించువారు కలరు. వారియెడ మాకు విరోధము లేదు. కాని ఈ పేర్లలో వినోదమునకు మించిన విషయ మొకటి కలదని మా తలంపు. ప్రభువు నాణెముపై తన ముఖమునో, తన పేరునో, తన కట్టడమునో ముద్రించుకొనును. దానిని ఏమని పిలువవలెనో ప్రజలు నిర్ణయింతురు. ఆ నాణెము ఎచ్చట చెల్లినది, ఎచ్చట చెల్లలేదు, మార్పిడిలో ఎవని సంచి బరువెక్కినది, ఎవని కొంగుముడి తేలికయైనది యను లెక్క ఆ పిలుపులో దాగియుండును. మెతుకుసీమ యందుకు మంచి తార్కాణము. ఏలయన, ఇచ్చటి ప్రజలు ఒక రూపాయితో గాక రెండు రూపాయలతో బ్రదికినవారు.

నిజాము సంస్థానమునకు సొంత నాణెము కలదు. దానిని హాలీ సిక్కా యనిరి. ఏడవ నిజాము కాలమున అదియే ఉస్మానియా సిక్కా యైనది. ‘హాలీ’ యనగా ప్రస్తుతము చెల్లునది. ఆంగ్లేయుల రూపాయిని మాత్రము ‘కల్దారు’ అనిరి. ‘కల్’ అనగా యంత్రము. కల్దారు యంత్రపు రూపాయి. 1835వ సంవత్సరపు చట్టముతో ఈస్టిండియా కంపెనీవారు తమ ఏలుబడిలోని సీమలన్నిటికి ఒకే రూపాయిని ఏర్పరచిరి. అది యంత్రముపై ముద్రితమై, ఒకదానిని పోలి మరియొకటి యుండెను. నిజాము టంకసాలలలో అటుతరువాతను చాలకాలము సుత్తెదెబ్బతోనే నాణెము కొట్టుచుండిరి. కావున పరాయి నాణెమునకు ఆ పేరు సహజముగనే వచ్చినది. విశేష మేమన, 1903లో సైఫాబాదున యంత్రములతో నూతన టంకసాల వెలసి, చార్మినారు బొమ్మతో నిజాము రూపాయి సయితము యంత్రమునుండియే వెలువడసాగినను, జనులు దానిని కల్దారనలేదు. అది హాలీగనే యుండెను. పేరు పుట్టుటకు యంత్రము కారణమైనను, పేరు నిలుచుటకు పరాయితనమే కారణమైనదని మేము తలంచుచున్నాము.

పటాన్‌చెరువు హైదరాబాదునుండి షోలాపురము మీదుగ బొంబాయికి పోవు బాటపై నున్నది. తూర్పున కొన్ని క్రోసుల దూరమున సికింద్రాబాదు దండు. అచ్చట ఆంగ్లేయుల పాలన, ఆంగ్లేయుల సిపాయి, ఆంగ్లేయుల నాణెము. పడమట షోలాపురము బొంబాయి రాజధానిలోనిది, అచ్చటను కల్దారే. నడుమ నున్న మెదకు జిల్లా రైతు హాలీలో పన్ను కట్టి, హాలీలో ఉప్పు కొని, హాలీలో అప్పు తీర్చుకొనుచుండెను. జిల్లా కచేరీ సంగారెడ్డిలో నుండెను. బాట యొకటే గాని, దాని రెండు కొసలను చెల్లు రూపాయి నడుమ చెల్లు రూపాయి గాదు.

ఆ బాటపై పోయినవారిలో తెలంగాణపు పద్మశాలీలు ముఖ్యులు. మగ్గముపై బ్రదుకు సాగక, కుటుంబములతో షోలాపురము, భివండి, బొంబాయి చేరి మిల్లులలోను, మరమగ్గములపైను పని చేసిరి. నేటికిని షోలాపురమున తెలుగు వినబడుటకు వారే కారణము. వారి సంపాదన కల్దార్లలో. ఇంటికి పంపునది చేరు తావున చెల్లునది హాలీ. ఆరు కల్దార్లకు ఏడు హాలీలు స్థూలముగ నిలిచిన నిష్పత్తి. నెలకు ముప్పది కల్దార్లు మిగిల్చి పంపగలిగిన నేతగాని ఇంట అవి ముప్పదియైదు రూపాయలగును. ఊరువిడిచిన దుఃఖమునకు ఆ అయిదు రూపాయలు పరిహారమని ఎవరైనను అనినచో మేము అంగీకరింపము. కాని ఇల్లు గడచుటకు అవి అక్కరకు వచ్చిన మాట నిజము.

వెండినిబట్టి చూచిన ఈ నిష్పత్తిలో అన్యాయము లేదు. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందు మేలిమి వెండి 10.69. హాలీ బరువు 11.18, అందు వెండి 9 గ్రాములకు కొంచెము మించి. ఒకదానితో నొకటి తూచిన ఏడింట ఆరు వంతులు సరిగనే తేలును. నూరు కల్దార్లకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు వచ్చును. కాగితముపై లెక్క నిర్దోషము.

దోషము చిల్లరలో నున్నది. ఏడు హాలీలు తీసికొనిపోయిన వర్తకునికి ఆరు కల్దార్లు చేతబడును, శేషము లేదు. ఒక్క హాలీ తీసికొనిపోయిన కూలివానికి రావలసినది పదమూడణాల ఎనిమిది పైలును, పైలో ఏడింట నాలుగు వంతులును. ఈ ఏడింట నాలుగు వంతులను ఇచ్చుటకు లోకమున ఏ టంకసాలయు నాణెము కొట్టలేదు. అది షరాబు పెట్టెలో మిగిలినది. షరాబు పుణ్యాత్ముడైనను అట్లే మిగులును. ఇక బట్టా యని పైన కొంత తీసికొనుట వేరు. పెద్ద మొత్తము మార్చువాడు నష్టమెరుగడు. రూపాయి, అర్ధరూపాయి మార్చువాడు మార్చిన ప్రతిసారి కొంత విడిచిపెట్టి వచ్చును. నాణెములు మారిన ప్రతి సందర్భమున ఈ సంగతియే వేరువేరు వేషములతో మాకు కనబడుచున్నది.

బ్రిటిషు జిల్లాలలోని తెలుగువారు నాణెములకు పెట్టిన పేర్లు చూడుడు. రూపాయిలో నాలుగవ వంతు పావలా. మూడు వంతులు ముప్పావలా. రెండణాలు బేడ. కాలణా కాణీ. కాణి యనగా అరువదినాలుగవ వంతని మన పూర్వపు భిన్నగణితము చెప్పును. పరక ముప్పదిరెండవ వంతు, వీసము పదునారవ వంతు. రూపాయికి అణాలు పదునారు గనుక అణా వీసమగును, అర్ధణా పరకయగును, కాలణా కాణియగును. ఆంగ్లేయుడు కాలణాను ముద్రింపక పూర్వమే తెలుగు కరణము దానికి పేరు సిద్ధముగ నుంచినాడన్నమాట. ఎంత అల్పాదాయమునైనను ‘అణా పరక’ యని నేటికి ఈసడించువారు తాము మూడు వీసముల సగమును చెప్పుచున్నామని ఎరుగరు. అణాలో పండ్రెండవ వంతు దమ్మిడీ. “దమ్మిడీ ఆదాయము లేదు, క్షణము తీరిక లేదు” అని నిత్యము అనుకొనుచున్నాము గదా.

‘డబ్బు’ అను మాట కథ ఇంకను విచిత్రమైనది. చెన్నపట్టణపు కంపెనీ లెక్కలలో 80 కాసులు ఒక పణము, 42 పణములు ఒక వరహా. వరహా మూడున్నర రూపాయలకు సమానము. ఇరువది కాసుల రాగి నాణెమునకు డబ్బని పేరు. 1818లో చెన్నపట్టణపు ప్రభుత్వము వరహాను విడిచి రూపాయిని ప్రమాణముగ గైకొనగా వరహా క్రమముగ సామెతలలోనికి తప్పుకొనినది, కాసు నగలలో చేరినది. రాగి డబ్బు మాత్రము తాను చచ్చియు సమస్త ధనమునకు తన పేరు నంటగట్టిపోయినది. బంగారు నాణెమునకు దక్కని గౌరవము బీదవాని రాగికి దక్కుట మాకు సంతోషము.

హైదరాబాదు సీమలో మాత్రము పావలా వినబడదు. చారాణా, ఆఠాణా, బారాణా యనుటయే వాడుక. సర్కారు భాష అంగడిలోనికి దిగి, అంగడినుండి వంటింటికి చేరినది. 1960ల దశకమున రామచంద్రపురమున భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము వెలసినప్పుడు కోస్తా జిల్లాలవారు పనికి వచ్చిరి. అప్పుడు పావలాయు చారాణాయు ఒకే కాంటీనులో ఒకే బల్లపై కలిసికొనినవి. నాణెమొకటే, విలువయొకటే, పేరునుబట్టి మనిషి ఎచ్చటివాడో తెలిసిపోవుచుండెను.

ఇచ్చట ఒక సంగతి చెప్పక తప్పదు. 1907నుండి ఆంగ్లేయులు ముద్రించిన కుప్రోనికెలు అణాపైన, 1918నుండి వెలువడిన నలుచదరపు బేడపైన, నాగరి, వంగ, ఉర్దూ లిపులతోపాటు తెలుగు లిపిలో విలువ వ్రాయబడినది. ఆంగ్లేయుని తెలుగు ప్రేమకు ఇది నిదర్శనమని మేము భ్రమపడము; చదువరి కాని వానికి అంచు వంకరలు, చదువరికి అక్షరములు చూపి నాణెమును నడుపుకొనుట వాని అవసరము. కాని ప్రజలలో దాదాపు సగము మంది తెలుగు మాటాడు నిజాము రాజ్యమున రూపాయిపైగాని, అణాపైగాని, పైపైగాని ఒక్క తెలుగక్షరము లేదు. 1918 చట్టము ననుసరించి వెలువడిన నోట్లపై తెలుగునకు చోటు దొరకినది. నోటు షావుకారు పెట్టెలో నుండును. అణా రైతు మొలలో నుండును. తన భాష ఎవని చేతికి అందినదో, ఎవని చేతికి అందలేదో పాఠకులే గ్రహింతురు. 1921లో హైదరాబాదు సభలో తెలుగున మాటాడినవారిని గేలిచేయుటచేత ఆంధ్రజనసంఘము పుట్టినదనియు, 1930లో ప్రథమాంధ్ర మహాసభ సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను జోగిపేటలో జరిగినదనియు ఎల్లరెరుగుదురు. జోగిపేట నేడు సంగారెడ్డి జిల్లాలోనిదే. ఆ సభకు వచ్చిన రైతులు తమ సంచులలో తెచ్చుకొనిన నాణెములలో తెలుగు లేదనుట ఆ ఉద్యమమునకు ఒక చక్కని వ్యాఖ్యానము.

ప్రభువుల ముఖములకు జరిగిన మర్యాద వేరొకటి. 1911లో అయిదవ జార్జి చక్రవర్తి బొమ్మతో వెలువడిన రూపాయిపై ఆయన అంగరఖామీది పతకమాలలో నొక ఏనుగు కలదు. చెక్కిన పనివాని దోషముచే దాని తొండము కురుచయై, చూచువారికి అది పందివలె కనబడినది. ‘పంది రూపాయి’ యను పేరు పుట్టినది. ముస్లిములు ఆ నాణెమును ముట్టమనిరి. ముద్రింపబడిన 94 లక్షలలో సుమారు 7 లక్షలు మాత్రమే బయటకు వచ్చినవి. తక్కినవానిని నిలిపివేసి, ఏనుగును సరిదిద్ది, 1912లో క్రొత్త రూపాయలు విడుదల చేసిరి. సాష్టాంగపడిన ప్రజలే నవ్వి యొక పేరు పెట్టగా సామ్రాజ్యమంతయు దిద్దుకొనవలసి వచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున రాగికి కరవు వచ్చినది. 1943లో ప్రభుత్వము నడుమ పెద్ద రంధ్రముతో పలుచని కాణీని ముద్రించినది. దానిపై రాజు తల లేదు. తల యుండవలసిన చోట రంధ్రమున్నది, పైన కిరీటము మాత్రము మిగిలినది. జనులు దానిని చిల్లికాణీ యని, దారమున గ్రుచ్చి పిల్లల మొలకు కట్టిరి. 1942 ఉద్యమము ముగిసిన మరుసటి ఏట ప్రభుత్వము తానై తలలేని నాణెమును ప్రచురించుట కాకతాళీయమే కావచ్చును. అయినను ఆనాటి జైళ్లలోని వారికి అది కొంత ఊరట యిచ్చియుండును.

ముఖములకంటె, పేర్లకంటె లోతుగ తాకిన దెబ్బ మారకపు రేటుది. 1926లో హిల్టన్ యంగ్ సంఘము రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీలుగ నిర్ణయింపుమని సలహా యిచ్చినది. 1927లో అది చట్టమైనది. అంతకు పూర్వము చాలకాలము నిలిచిన రేటు ఒక షిల్లింగు నాలుగు పెన్నీలు. రెండు పెన్నీల భేదము చూచుటకు స్వల్పము. కాని లండనులో ఒక పౌనుకు అమ్ముడైన వేరుశెనగకో, ఆముదమునకో పాత రేటున పదునైదు రూపాయలు రాగా, క్రొత్త రేటున పదమూడు రూపాయల అయిదణాల నాలుగు పైలు మాత్రమే వచ్చును. పన్ను తగ్గలేదు, అప్పు తగ్గలేదు. పంటకు వచ్చు రూపాయలు తగ్గినవి. అందుచేతనే గాంధీమహాత్ముడు 1930 జనవరిలో ప్రకటించిన పదునొకండు కోరికలలో ఉప్పుపన్ను రద్దుతోపాటు పాత రేటును పునరుద్ధరించుట చేరినది. హాలీ కల్దారునకు ముడివడియుండుటచే, జీవితమున ఒక కల్దారును ముట్టని సంగారెడ్డి రైతుకు సయితము ఆ రెండు పెన్నీల దెబ్బ తప్పలేదు.

ఆంగ్లేయులకు తమ నాణెములపై ప్రేమ లేదనుకొనరాదు. షిల్లింగును ‘బాబ్’ అనియు, ఆరు పెన్నీలను ‘టానర్’ అనియు, పౌనును ‘క్విడ్’ అనియు ముద్దుగ పిలుచుకొనిరి. పండ్రెండు పెన్నీలు షిల్లింగు, ఇరువది షిల్లింగులు పౌను. ఆ లెక్కను వారు 1971 ఫిబ్రవరి 15వరకు వదలలేదు. వదలినప్పుడును ప్రజలు గగ్గోలుపెట్టగా ఆరు పెన్నీల బిళ్ళ రెండున్నర క్రొత్త పెన్నీల విలువతో 1980వరకు చెల్లినది. మనము పదునాలుగేండ్లు ముందుగ దశాంశమునకు మారితిమి. ఇందు మనము గర్వింపవచ్చును. మన కాణీకై కన్నీరు కార్చినవారెవరును లేరనుటయు నిజమే.

సంగారెడ్డి ప్రజలకు ఆ మార్పు ఒకటిగ రాలేదు. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసినను హాలీ ముగియలేదు. 1950లో భారత రూపాయి దానిప్రక్కన నిలిచినది, పాత నిష్పత్తియే ఏడింటికి ఆరు. 1951లో హాలీ ముద్రణ ఆగినది. 1959లో అది పూర్తిగ రద్దయినది. ఈలోపుననే 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినవి. పదియేండ్లలోపల ఒక ముసలి రైతు హాలీ అణాను భారత అణాగను, భారత అణాను నయాపైసగను మనస్సులో తిప్పుకొనవలసి వచ్చినది. చదువుకొనిన గుమాస్తాలే పట్టికలు చేతబట్టుకొని తిరిగిన దినములవి.

ఆ పట్టికలోను మరల పాత సంగతియే. అణాకు ఆరుంబావు పైసలు. పావు పైస లేదు గనుక అణా ఆరైనది. కాణీకి ఒకటిన్నరకు మించి వచ్చును గనుక రెండైనది. నాలుగు కాణీల సరకును ఒకేసారి కొనువాడు ఆరు పైసలిచ్చును. నాలుగుసార్లు కాణీచొప్పున కొనువాడు ఎనిమిదిచ్చును. నాలుగణాల కూలిని ఒకేసారి పుచ్చుకొనువానికి ఇరువదియైదు; దినమున కొక అణాగ పుచ్చుకొనువానికి ఇరువదినాలుగు. నియమమున ఎవరియెడను పక్షపాతము లేదు, మూడణాలకు పంతొమ్మిది యని కొనునప్పుడు అమ్మువానికి, పుచ్చుకొనునప్పుడు కూలివానికి పావు పైస మిగిలిన మాటయు నిజము. కాని కాణీచొప్పున నూనె కొనువాడు ఎవడు? నెలసరుకు ఒకేసారి తెచ్చుకొనువాడు ఎవడు? షరాబుకడ ఏడింట నాలుగు వంతులు విడిచివచ్చినవాడే ఇచ్చటను కొట్టుకడ పావు పైస, అర పైస విడిచినాడు. దశాంశపద్ధతి మంచిది, రావలసినదే. మార్పుదినములలో చిల్లర కొనుగోళ్ళకు కావలియుండువారు కావలసియుండిరని మాత్రమే మా వాదము.

నయాపైస యందలి ‘నయా’ 1964లో తొలగినది. పైసలును ఒకటొకటిగ తొలగినవి. 2011 జూన్ 30న ఇరువదియైదు పైసలును, అంతకు తక్కువైన నాణెములును చెల్లుబాటు కోల్పోయినవి. అనగా ఆ దినమున పావలా చచ్చినది, దానితో చారాణాయు. సైఫాబాదు టంకసాల పని 1997లో చర్లపల్లికి పోయినది. పాత భవనము నేడు ప్రదర్శనశాల.

కాని పావలా నేటికిని అప్పు పత్రములలో బ్రదికియే యున్నది. నూటికి నెలకు పావలా యనిన ఏటికి నూటికి మూడు రూపాయలు. 2004 తరువాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మహిళాసంఘముల ఋణములకు ‘పావలా వడ్డీ’ యను పేరే పెట్టినది. వేరొక పేరు పెట్టియుండిన ఆ స్త్రీలలో సగము మందికి అది ఎంతయో బోధపడకుండెడిది. ప్రైవేటు అప్పులలోను అదే కొలత. రూపాయి వడ్డీ యనిన ఏటికి పండ్రెండు, రెండు రూపాయలనిన ఇరువదినాలుగు, అయిదు రూపాయలనిన అరువది. పూర్వము రూపాయికి నెలకు అణా వడ్డీ యనినప్పుడు అది ఏటికి నూటికి డెబ్బదియైదు. అణా యను చిన్న మాట వెనుక ఆ డెబ్బదియైదు కనబడకుండెను. పటాన్‌చెరువు వాడలలో అద్దెగదిలో నుండి, జీతము రాకముందే ఊరికి సొమ్ము పంపవలసిన కార్మికుడు నేడు అప్పిచ్చువానిని అడుగు మొదటి ప్రశ్న “ఎన్ని రూపాయల వడ్డీ?” యనియే. రెండవ ప్రశ్నగ “ఏటికి నూటికి ఎంత?” అని అడిగి, జవాబును కాగితముపై వ్రాయించుకొనుట అతనికి మేలు.